అమ్మకి కేర్ హోమ్ చూస్తున్నాం, వెళ్లినప్పుడు అసలు ఏం అడగాలి?

రాధిక_తెనాలి

అమ్మకి 78. నాన్న పోయాక తెనాలిలో ఒక్కతే ఉండేది. మతిమరుపు ముదిరింది, డిమెన్షియా అని డాక్టర్ తేల్చేశాడు. షుగర్ ఉంది, రెండు పూటలా ఇన్సులిన్. పోయిన వేసవిలో బాత్రూమ్‌లో పడింది, ఎముక విరగలేదు గానీ అప్పటినుంచి నడకలో భయం పట్టుకుంది. ఇప్పుడు మియాపూర్‌లో మా దగ్గరే ఉంది. ఇద్దరం ఉద్యోగాలకి పోతాం. ఏజెన్సీ పంపే అమ్మాయిలు నెల తిరక్కుండానే మారిపోతున్నారు, మారినప్పుడల్లా కొత్త మనిషిని చూసి "దొంగది వచ్చింది" అని అమ్మ కేకలు. తమ్ముడు సిడ్నీలో. డబ్బు పంపుతాడు, సలహాలు అంతకంటే ఎక్కువ పంపుతాడు.

కొన్ని హోమ్‌లు చూసొచ్చాం. ఎక్కడికెళ్లినా ఒకటే తంతు. మేనేజర్ ఎదురొచ్చి గార్డెన్ చూపిస్తాడు, పూజ గది చూపిస్తాడు, గోడ మీద సంక్రాంతి ముగ్గుల ఫొటోలు, ఎవరో పెద్దాయన కేక్ కోస్తున్న ఫొటో. "భోజనం ఎలా ఉంటుందండీ" అంటే "ఇంటి భోజనమే మేడమ్". "బాగా చూసుకుంటారా" అంటే "సొంత అమ్మలా చూసుకుంటాం మేడమ్". కాదని ఎందుకంటాడు? కారెక్కాక ఆలోచిస్తే మాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు.

ఇలాంటి చోట అమ్మానాన్నల్నో అత్తమామల్నో పెట్టినవాళ్లు, చూసి వద్దనుకున్నవాళ్లు, ఏం అడిగితే అసలు సంగతి బయటపడుతుందో చెప్పండి. ఇంట్లోనే ఉంచుకోమనే సలహాలు మాత్రం దయచేసి వద్దు, అవి మా బంధువుల దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

ఉప్పుకారం

చెప్పకుండా వెళ్లండి. సాయంత్రం ఏడింటికో, ఆదివారమో. పగలు పదకొండింటికి అన్ని హోమ్‌లూ బాగానే ఉంటాయి.

లెక్కలమాస్టారు

రాత్రి భోజనం ఎన్నింటికి, పొద్దున టిఫిన్ ఎన్నింటికి అని విడివిడిగా అడిగి మధ్యలో గంటలు మీరే లెక్కేసుకోండి. మా అక్కయ్యని పెట్టిన చోట సాయంత్రం ఆరున్నరకే పెట్టేసేవారు, ఎందుకంటే వంటావిడకి ఏడింటి బస్సు. టిఫిన్ ఎనిమిదిన్నరకి. అంటే 14 గంటలు ఖాళీ కడుపు. అక్కయ్య కూడా ఇన్సులిన్ మీదే. ఓ తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి, మాట ముద్దముద్దగా వస్తుంటే నిద్రమత్తు అనుకున్నారు. ఒక ఆయమ్మకి అనుమానం వచ్చి చక్కెర నీళ్లు తాగించింది కాబట్టి సరిపోయింది. ఆవిడ నర్సు కూడా కాదు.

అందుకని రాధిక గారు, పడుకునే ముందు గ్లాసుడు పాలో రెండు బిస్కెట్లో ఇస్తారా, ఇన్సులిన్ వేశాక ఎంతసేపటికి కంచం వస్తుంది, షుగర్ పడిపోతే అర్ధరాత్రి గ్లూకోమీటర్ ఎవరి దగ్గర ఉంటుంది, ఇవి అడగండి. గోడ మీద మెనూ చదవొద్దు. అందులో మంగళవారం పులిహోర అనే ఉంటుంది. వంటింట్లోకి తొంగిచూసి ఆ పూట కూర ఏంటో కళ్లతో చూడండి.

వేపచెట్టు

ఎన్ని ప్రశ్నలు అడిగినా హోమ్ హోమే. మా నాయనమ్మ మంచంలో ఉంటే ఇల్లంతా చుట్టూ ఉండేవాళ్లం. ఇప్పుడు ఫ్లాట్‌లో కుక్కకి గది ఉంటుంది, అమ్మకి ఉండదు. పిల్లలే చూసుకోవాలని 2007లో చట్టం కూడా వచ్చింది, తెలుసా?

కొంపల్లి_కిరణ్

ఆవిడ పోస్టు చివరి వాక్యం చదివే రాశారా ఇది? సరే, మీ ఇంట్లో పెద్దవాళ్లని ఎవరు చూసుకుంటున్నారు? మీరా, మీ ఆవిడా?

వేపచెట్టు

మా ఆవిడే. అయితే?

ఉప్పుకారం

ఏం లేదండీ.

ఓరుగల్లు_వకీలు

వేపచెట్టు గారు, చట్టం పేరెత్తారు కాబట్టి చెప్తున్నా. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పిల్లలు తిండి, బట్ట, నీడ, వైద్యం చూడాలంటుంది. ఎక్కడో విడిచిపెట్టి పోతే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. డబ్బు కట్టి, వచ్చి చూస్తూ, మంచి హోమ్‌లో ఉంచడం విడిచిపెట్టడం కాదు. పైగా రాష్ట్ర ప్రభుత్వం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, దిక్కులేని పెద్దవాళ్లు కనీసం 150 మంది పట్టేలా కట్టొచ్చని రాసింది కూడా ఆ చట్టంలోనే. అగ్రిమెంట్ గురించి రాత్రికి తీరిగ్గా రాస్తాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్

నేను జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా చేసిన నర్సుని. ఆసుపత్రుల్లో చేశాను, తర్వాత కొన్ని హోమ్‌లలో, ఎక్కువగా నైట్లు. ఇప్పుడు మానేశాను కాబట్టి నిర్మొహమాటంగా రాస్తున్నా.

"స్టాఫ్ ఎంతమంది" అని అడిగితే వంటావిడని, డ్రైవర్‌ని, వాచ్‌మన్‌ని, వారానికోసారి వచ్చే ఫిజియోని కలిపి చెప్తారు. అలా అడక్కండి. "నిన్న రాత్రి రెండింటికి ఈ ఫ్లోర్‌లో మెలకువగా ఎవరున్నారు, వాళ్లు చూసుకునేది ఎంతమందిని" అనండి. నిన్న రాత్రి అనే అడగాలి, మామూలుగా ఎంతమంది అంటే కాగితం మీది లెక్క చెప్తారు. తర్వాత అదే ప్రశ్న అక్కడ పనిచేసే అమ్మాయిని అడగండి. రెండు జవాబులూ ఒకటైతే ఆ మేనేజర్‌తో మిగతా విషయాలు మాట్లాడొచ్చు.

ఇన్సులిన్ ఎవరు వేస్తారు? నర్సు అంటారు. నర్సు వారం సెలవు రోజు ఎవరు వేస్తారు? ఇక్కడ చాలామంది నీళ్లు నములుతారు.

మంచం పట్టినవాళ్లు ఉన్న గది చూడనివ్వమనండి. "వాళ్లకి ప్రైవసీ మేడమ్" అంటే ఒప్పుకోవాల్సిందే, తప్పు కాదు. గుమ్మం దగ్గర నిలబడి రిజిస్టర్ అడగండి. లేవలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. మార్చినప్పుడల్లా టైమ్ రాయాలి. నేను చూసిన ఒక చోట పొద్దున తొమ్మిదింటికే రాత్రి పన్నెండు దాకా ఒకే పెన్నుతో, ఒకే చేతి రాతతో నింపేసి ఉండేది. మీరు మధ్యాహ్నం వెళ్లి సాయంత్రం గడులు చూడండి, అవి ఖాళీగా ఉండాలి. "ఇప్పుడు ఇక్కడ బెడ్‌సోర్లు ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా" అంటే, ఉన్నారు, ఫలానా ఆసుపత్రి నుంచే పుండుతో వచ్చారు, రోజూ డ్రెస్సింగ్ చేస్తున్నాం అని చెప్పేవాళ్లని నమ్మొచ్చు. మా దగ్గర ఎవరికీ ఎప్పుడూ రాలేదు అన్నవాళ్లని నేనైతే నమ్మను.

మీ అమ్మగారికి డిమెన్షియా కాబట్టి ఇంకోటి. "రాత్రి లేచి తిరుగుతుంది, తలుపు కొడుతుంది, అప్పుడు మీరేం చేస్తారు" అని అడిగి మాట్లాడకుండా ఊరుకోండి. "కడతారా" అని అడక్కండి, లేదనే అంటారు. కాసేపు పక్కన కూర్చుంటాం, టాయిలెట్‌కి తీసుకెళ్తాం, పాలిస్తాం అని తనంతట తాను చెప్తే ఆ చోట డిమెన్షియా మనుషులతో పనిచేసిన అనుభవం ఉందన్నమాట. "ఒక మాత్ర వేస్తే పొద్దున దాకా లేవరు" అన్నారంటే లేచి వచ్చేయండి. అలాంటి మాత్రలు డాక్టర్ చూసి, చీటీ రాసి, ఎన్నాళ్లో చెప్పి ఇవ్వాలి. మత్తులో లేచి నడిచి పడేవాళ్లే ఎక్కువ.

పెద్దవాళ్ల గోళ్లు చూడండి, వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్లుంటే అందులో బ్యాటరీ పనిచేస్తోందో చూడండి. కళ్లజోడు అద్దాలు జిడ్డుగా ఉన్నాయంటే ఆ మనిషి మొహంలోకి ఎవరూ సరిగ్గా చూడట్లేదని.

రాధిక_తెనాలి

సిస్టర్, ప్రింట్ తీసి బ్యాగ్‌లో పెట్టుకుంటున్నాను. "నిన్న రాత్రి రెండింటికి" అనే ప్రశ్న ఇంతవరకు నాకు తట్టనే లేదు.

డల్లాస్_శ్రీను

మేం దూరంగా ఉన్నవాళ్లం, మాకు ముందు కావలసింది కెమెరా. నాన్న గది ఫోన్‌లో కనిపించే హోమ్ తీసుకున్నాం, నెలకి కాస్త ఎక్కువైనా. ఆఫీసులో ఉన్నా ఓసారి తెరిచి చూస్తే మనసు కుదుటపడుతుంది. కెమెరా లేని హోమ్‌ని లిస్టులోంచి కొట్టేయండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్

శ్రీను గారు, మీ బాధ అర్థమైంది గానీ గదిలో కెమెరా నాకు నచ్చదు. మీ నాన్నగారికి డైపర్ మార్చేది ఆ గదిలోనే, ఆ వీడియో మీ ఫోన్‌లోనే కాదు, ఆఫీసులో మానిటర్ ముందు కూర్చున్న కుర్రాడికీ కనిపిస్తుంది. ఆయన్ని అడిగి పెట్టారా? వరండాలో, భోజనాల గదిలో, గేటు దగ్గర పెట్టమనండి, ఎవరూ కాదనరు. ఇంకో మాట, మీరు అక్కడినుంచి "నీళ్లు ఎందుకివ్వలేదు" అని ఫోన్ చేస్తే తిట్లు పడేది నెలకి పదిహేను వేల జీతం అమ్మాయికి. ఆ తర్వాత ఆ అమ్మాయి మీ నాన్న దగ్గర పనికి వెళ్లడానికే జంకుతుంది.

డల్లాస్_శ్రీను

అడగలేదు, నిజమే. కానీ కెమెరా ఉండబట్టే ఆయన మధ్యాహ్నం మంచం మీంచి జారిపోవడం నేను చూశాను, వాళ్లకంటే ముందు. నేను ఫోన్ చేస్తేనే పరుగెత్తారు. కాబట్టి తీసేయను. అమెరికా నుంచి నాకున్న కన్ను అదొక్కటే.

కొంపల్లి_కిరణ్

మీకంటే ముందు వాళ్లకి తెలియలేదంటే కెమెరా కాదు, హోమ్ మార్చాలేమో అన్నా.

డల్లాస్_శ్రీను

అదీ చూస్తున్నాం కిరణ్. మంచం పక్క కడ్డీలు ఎత్తడం మర్చిపోయారట.

గోదారిగట్టు

భాష అడగండి. ఎవరూ అడగరు ఇది. హైదరాబాద్ చుట్టుపక్కల హోమ్‌లలో పనిచేసే పిల్లలు చాలామంది ఒడిశా, జార్ఖండ్, అస్సాం వైపునుంచి వచ్చినవాళ్లు. కష్టపడతారు, వంక పెట్టడానికి లేదు. మా మావయ్యది కొవ్వూరు, తెలుగు తప్ప ముక్క రాదు, చివర్లో గొంతు కూడా సన్నబడింది. "ఒంటికెళ్లాలి" అని అరగంట పిలిచేవాడు, ఆ కుర్రాడు "ఖానా? ఖానా?" అని బిస్కెట్ తెచ్చేవాడు. తడిసిపోయాక "చెప్పొచ్చుగా" అని మేనేజర్ మందలింపు. మావయ్య అభిమానస్తుడు, ఆ తర్వాత నీళ్లు తాగడం తగ్గించేశాడు. దానితో యూరిన్ ఇన్ఫెక్షన్, దానితో పలవరింతలు, అందరూ మతి పోయింది అనుకున్నారు. ఆసుపత్రిలో వేసి యాంటీబయాటిక్ ఎక్కించాక మళ్లీ పేకముక్కలు అడిగాడు.

నొప్పి, దాహం, ఒంటికి, రెంటికి, చలి, వద్దు. ఈ ఆరు మాటలు రాని మనిషిని నాన్న మంచం దగ్గర పెట్టొద్దని మా బావ పట్టుబట్టి తెలుగొచ్చిన ఆవిడని ఆ ఫ్లోర్‌కి వేయించాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్

గోదారిగట్టు గారు చెప్పింది బంగారం. పెద్దవాళ్లు ఉన్నట్టుండి రెండు రోజుల్లో మారిపోతే ముందు యూరిన్ టెస్ట్. "ఇలాంటప్పుడు మీరు ముందు ఏం చూస్తారు" అని నర్సుని అడిగి చూడండి.

పాతబస్తీ_పకోడీ

మా తాత హోమ్‌లో ఒడియా నేర్చుకున్నాడు. 84 ఏళ్లకి. ఇప్పుడు మమ్మల్ని ఆ భాషలో తిడతాడు, మాకు తెలీదు కాబట్టి ఆయనకి హాయి.

లెక్కలమాస్టారు

పకోడీ గారి తాతగారికి దండం.

ఓరుగల్లు_వకీలు

అగ్రిమెంట్ సంగతి. చేర్చే రోజు హడావిడిలో సంతకం పెట్టించుకుంటారు. చూడ్డానికి వెళ్లిన రోజే ఖాళీ ఫారం కాపీ అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఇవ్వం అంటే అక్కడితో ఆ హోమ్ సంగతి తేలిపోయినట్టే.

నేను చదివిన వాటిల్లో కనబడ్డవి: "నివాసి పరిస్థితి దిగజారితే ఏడు రోజుల్లో కుటుంబం తీసుకెళ్లాలి." అంటే నడిచినంతకాలం ఉంచుకుని, మంచాన పడ్డాక, అసలు అవసరం వచ్చినప్పుడు పొమ్మంటారు. మంచాన పడితే ఉంచుకుంటారా, ముక్కులో గొట్టం పెడితే ఉంచుకుంటారా, యూరిన్ గొట్టంతో ఉంచుకుంటారా అని ఒక్కొక్కటీ అడిగి కాగితం మీద రాయించుకోండి. డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, మనిషి పోతే ఆ నెల మిగిలిన డబ్బు ఏమవుతుంది, ఏడాదికి ఎంత పెంచుతారు. నెల ఫీజులో లేనివి ఏవి: డైపర్లు, డాక్టర్ విజిట్, ఫిజియో, ఎయిర్ బెడ్, ఆక్సిజన్, ఆసుపత్రికి అంబులెన్స్. 30 వేలు అన్నది బిల్లు చేతికొచ్చేసరికి 42 అవడం నా క్లయింట్లకి మామూలే.

జీఎస్టీ కూడా అడగండి. ప్రభుత్వం గానీ, ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధార్మిక సంస్థ గానీ నడిపే వృద్ధాశ్రమంలో 60 దాటినవాళ్లకి వసతి, భోజనం, నిర్వహణ కలిపి నెలకి 25,000 దాకా పన్ను లేదు. ప్రైవేటు కంపెనీ హోమ్ అయితే కొటేషన్ పన్నుతో కలిపా, పన్ను పైనా అని తేల్చుకోవాలి.

రాధిక గారు, మీకు ప్రత్యేకంగా ఒకటి. అమ్మగారి బ్యాంకు ఖాతా సంగతి ఇప్పుడే చూసుకోండి. పవర్ ఆఫ్ అటార్నీ ఉందిలే అని చాలామంది ధీమాగా ఉంటారు. రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే మన కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ పవర్ అక్కడితో ఆగిపోతుంది, తర్వాత గార్డియన్‌గా నియమించమని కోర్టు మెట్లెక్కాలి. ఆవిడకి ఇంకా అర్థమై సంతకం పెట్టగలిగితే జాయింట్ ఖాతా చేయించండి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా. ఆస్తి రాసిస్తే జీవితాంతం చూస్తాం అనే హోమ్ వైపు మాత్రం తొంగి కూడా చూడొద్దు.

రాధిక_తెనాలి

ఖాతా సంగతి తమ్ముడికి పంపాను. మొదటిసారి సలహా ఇవ్వకుండా "సరే అక్కా" అన్నాడు.

డల్లాస్_శ్రీను

వకీలు గారు మర్యాదకి వదిలేసినట్టున్నారు, నేను అడుగుతాను. మనిషి పోతే ఏం చేస్తారు? దీని గురించి ఏ హోమ్ బ్రోచర్‌లోనూ ఉండదు. మా ఫ్రెండ్ వాళ్ల నాన్న రాత్రి పోతే "తెల్లారేసరికి బాడీ తీసేయాలి, మిగతావాళ్లు భయపడతారు" అన్నారట. వీడు చికాగోలో ఫ్లైట్ కోసం పరుగెడుతున్నాడు. చివరికి ఊళ్లో దూరపు చుట్టం ఒకాయన వచ్చి ఫ్రీజర్ బాక్స్ మాట్లాడి ఓ ప్రైవేటు ఆసుపత్రి మార్చురీకి చేర్చాడు.

ఎవరు డాక్టర్‌ని పిలుస్తారు, మరణ ధృవీకరణకి కాగితం ఎవరు రాస్తారు, మేం వచ్చేదాకా ఎక్కడ ఉంచుతారు, ఖర్చు ఎంత. ఇవి అడగడానికి నోరు రాదు, నాకూ రాలేదు. మా ఆవిడ అడిగింది.

ఓరుగల్లు_వకీలు

వదల్లేదు శ్రీను గారు, రెండో పోస్టులో రాద్దామనుకున్నా. మరణం 21 రోజుల్లో నమోదు చేయించాలి. హోమ్‌లో జరిగితే సమాచారం ఇవ్వాల్సింది అక్కడి బాధ్యుడు, ఆసుపత్రిలో జరిగితే ఆసుపత్రివాళ్లు. పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి, లేదంటే తర్వాత బ్యాంకులో, పెన్షన్ ఆఫీసులో తిరగాలి.

సిద్దిపేట_లలిత

ఇది అడగండి: ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అక్కడ పక్కన ఎవరు కూర్చుంటారు? మన ఆసుపత్రుల్లో అటెండెంట్ లేకుండా ఎవరినీ చేర్చుకోరు కదా. మందులు తేవడానికి, సంతకం పెట్టడానికి, రాత్రి కుర్చీలో పడుకోవడానికి మనిషి కావాలి. మా అత్తమ్మ విషయంలో హోమ్‌వాళ్లు అంబులెన్స్‌లో ఎక్కించి ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర దింపి ఫోన్ చేశారు. నేను సిద్దిపేట నుంచి వచ్చేదాకా స్ట్రెచర్ మీదే ఉంది. ఇప్పుడున్న హోమ్‌లో మొదటి 24 గంటలు వాళ్ల మనిషి ఉంటాడు, దానికి వేరే చార్జ్, ముందే మాట్లాడుకున్నాం. ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో అడిగి, 70 దాటినవాళ్లయితే ఆయుష్మాన్ వయ వందన కార్డు అక్కడ నడుస్తుందో లేదో కనుక్కోండి. అది కేంద్రం ఇచ్చే ఆరోగ్య బీమా కార్డు, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఖర్చు వస్తుంది, ఆదాయంతో పని లేదు. 2024 చివర్లో మొదలైంది.

మల్లిక_మంగళగిరి

అందరూ 30 వేలు, 40 వేలు అని మాట్లాడుకుంటున్నారు. మా పెద్దమ్మకి వచ్చేది నెలకి 4,000 పింఛను, పిల్లల్లేరు. ఉచిత ఆశ్రమాలు తిరిగాం. అన్నిచోట్లా ఒకటే షరతు, తన పని తాను చేసుకోవాలి. మంచాన పడ్డవాళ్లని తీసుకోరు. మనిషికి దిక్కు అవసరమయ్యేదే అప్పుడు. ఇలాంటివాళ్లు ఏం అడగాలో కూడా ఎవరైనా చెప్పండి. అడిగే చోటే లేకపోతే ప్రశ్నలు ఏం చేసుకోను.

ఓరుగల్లు_వకీలు

మల్లిక గారు, మీరన్నది నిజం. 14567కి ఫోన్ చేయండి, ఎల్డర్‌లైన్ అని పెద్దవాళ్ల కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. మీ జిల్లాలో ప్రభుత్వ సాయంతో నడిచే హోమ్‌లు ఎక్కడున్నాయో చెప్తారు. కేంద్రం గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే 25 మంది హోమ్‌లు కొన్ని ఉంటాయి. జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమం చూసే కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, నోటిమాటతో వదలొద్దు.

మల్లిక_మంగళగిరి

నంబర్ రాసుకున్నా. మొన్న సచివాలయంలో ఈ నంబర్ ఎవరూ చెప్పలేదు.

వేపచెట్టు

నేను పైన కాస్త గట్టిగా అన్నానేమో గానీ నా భయం వేరే. 2020 జనవరిలో హైదరాబాద్ శివార్లలో నాగారం దగ్గర ఒక హోమ్ మీద పోలీసులు దాడి చేశారు, గుర్తుందా? ఇరుకు గదుల్లో కుక్కి, గొలుసులు వేసి... టీవీలో చూసి మా అమ్మ ఆ రాత్రి నన్ను "నన్ను ఎక్కడా వేయొద్దురా" అంది. ఆ ఇంటి ముందు కూడా బోర్డు ఉండే ఉంటుంది, ముగ్గుల ఫొటోలూ ఉండే ఉంటాయి.

నైట్‌డ్యూటీ_సిస్టర్

ఆ భయం న్యాయమైందే. మానసిక జబ్బు ఉన్న మనిషిని గొలుసుతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం పూర్తిగా నిషేధించింది. కానీ గొలుసు అందరికీ కనపడుతుంది. చున్నీతో కుర్చీకి కట్టి "పడిపోకుండా" అంటారే, అది ఎవరికీ కనపడదు. అందుకే ఏ టైమ్‌లోనైనా రావొచ్చా అని అడగమంటాను. "ఆదివారం నాలుగు నుంచి ఆరు" అనే చోట నేను పెట్టను.

రాధిక_తెనాలి

అప్‌డేట్. శనివారం సాయంత్రం చెప్పకుండా వెళ్లాం. మొదటి చోట వాచ్‌మన్ గేటు తియ్యలేదు, సార్ లేరు, సోమవారం రండి అన్నాడు. లోపలినుంచి టీవీ సీరియల్ మోత తప్ప ఇంకేం వినపడలేదు. వచ్చేశాం.

రెండో చోట రానిచ్చారు. భోజనాల టైమ్. పాతికేళ్లు కూడా ఉండని అమ్మాయి, చిన్న స్టూల్ లాక్కుని ఇద్దరు ముసలమ్మల మధ్య కూర్చుని పెరుగన్నం తినిపిస్తోంది. ఒకావిడ నోట్లో పెట్టి, ఆవిడ మింగేదాకా ఆగి, అదే చెంచాతో రెండో ఆవిడకి. ఆ చెంచా చూసి నాకు ఒళ్లు జలదరించింది. కానీ ఆ అమ్మాయి వాళ్ల పేర్లు పెట్టి పిలుస్తోంది, "రాజమ్మమ్మా, ఇంకొక్క ముద్ద, మీ మనవడు రేపొస్తాడుగా" అంటూ. సిస్టర్ ప్రశ్న అడిగాను. నిన్న రాత్రి నేనూ, కింద ఇంకో అమ్మాయి, మొత్తం 22 మంది అంది. మేనేజర్ మాకు రాత్రి ఆరుగురు అని చెప్పాడు.

మూడో చోట, శంషాబాద్ వైపు, నడిపే ఆవిడ సూటిగా చెప్పేసింది. మీ అమ్మగారు గేటు దాటి వెళ్లిపోయే మనిషైతే మా ప్రహరీ సరిపోదు, తీసుకోలేను, అలా కాదు ఇంట్లోనే తిరుగుతుందంటే పదిహేను రోజులు ఉంచి చూడండి, డిపాజిట్ వద్దు, రోజుల లెక్కన కట్టండి అని. రాత్రి ఎంతమంది అంటే 16 మందికి ఇద్దరు, ఒకరు నర్సు. నర్సు సెలవు రోజు? పక్క వీధిలో ఉండే ఇంకో నర్సు వచ్చి ఇన్సులిన్ వేసి వెళ్తుంది. బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకుంటుంది, లోపల పడినా తీయొచ్చు. కమోడ్ పక్కన కడ్డీ పట్టుకుని లాగి చూశాను, కదల్లేదు. గార్డెన్ లేదు. ఇల్లు పాతది. మా ఆయనకి నచ్చలేదు, "చూడ్డానికి ఏం బాగోలేదు" అన్నారు.

ఉప్పుకారం

మూడోది.

గోదారిగట్టు

మూడోదే. తీసుకోలేను అని చెప్పగలిగిన మనిషి దొరకడం కష్టం. తెలుగు ఎంతమందికి వచ్చో కనుక్కున్నారా?

రాధిక_తెనాలి

నర్సుది ఖమ్మం. పగలు ఉండే ఆయమ్మ తెలుగే. రాత్రి అమ్మాయి ఒడిశా, కానీ అర్థం చేసుకుంటుంది, మాట్లాడించి చూశాను.

కొంపల్లి_కిరణ్

నాకు రెండో చోటు అమ్మాయి మీద మనసు పోయింది. మనిషి మంచిదైతే మిగతాది సర్దుకోవచ్చు కదా?

నైట్‌డ్యూటీ_సిస్టర్

ఒకే చెంచా తప్పే, ఇన్ఫెక్షన్ అలాగే పాకుతుంది. అయితే మింగేదాకా ఆగడం చూశారా, అది వచ్చిన అమ్మాయి దొరకడం అదృష్టం, తొందరపెడితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కానీ కిరణ్ గారు, 22 మందికి ఇద్దరిని పెట్టిన హోమ్‌లో అంత మంచి అమ్మాయి ఎన్నాళ్లు ఉంటుంది? ఒళ్లు హూనమై నాలుగు నెలల్లో మానేస్తుంది. నేనూ అలాగే మానేశాను. రాత్రి లెక్కలో అబద్ధం చెప్పిన మేనేజర్ అక్కడే ఉంటాడు.

సిద్దిపేట_లలిత

పదిహేను రోజులు ఉంచి చూడటం మంచిదే, కానీ మొదటి వారం మనిషి డల్ అయిపోతుంది, ఏడుస్తుంది, దాన్ని చూసి వెనక్కి తెచ్చేయకండి. మా అత్తమ్మ రెండో వారంలో పక్క మంచం ఆవిడతో పోట్లాట మొదలుపెట్టింది, అప్పుడు మాకు ధైర్యం వచ్చింది.

రాధిక_తెనాలి

అమ్మకి ఏమని చెప్పాలో తెలీట్లేదు. మా ఆయన "ఆసుపత్రి, మోకాలికి ఫిజియో అని చెబ్దాం" అంటున్నారు.

లెక్కలమాస్టారు

అబద్ధం వద్దు. ఎంత మర్చిపోయినా మోసం చేశారనే భావన మిగులుతుంది. మెల్లగా చెప్పండి, మళ్లీ అడిగితే మళ్లీ చెప్పండి.

గోదారిగట్టు

మాస్టారూ, ఆవిడ రోజుకి ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ "నిన్ను హోమ్‌లో పెట్టాం" అని చెప్పి ఏడిపించాలా? ఫిజియో అనేది పూర్తి అబద్ధం కూడా కాదు, అక్కడ ఫిజియో ఉంటుంది కదా.

లెక్కలమాస్టారు

మీ ఇష్టం. నేను మా అక్కయ్యకి నిజమే చెప్పాను. నెల రోజులు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడింది.

సిద్దిపేట_లలిత

చేర్చే ముందు గాజులు, గొలుసు, కమ్మలు తీసి ఇంట్లో పెట్టండి. గిల్టువి వేయండి. తర్వాత పోయాయని గొడవపడితే నిందపడేది ఆ అమ్మాయిల మీదే. ఊరికే తీస్తే ఆవిడ చేతులు బోసిగా చూసుకుని బాధపడుతుంది, మట్టిగాజులు మాత్రం వేసే పంపండి. చీరలకి లోపలి అంచున పేరు కుట్టించండి, లాండ్రీలో అన్నీ కలిసిపోతాయి.

పాతబస్తీ_పకోడీ

మా తాత పళ్ల సెట్టు మారిపోయింది ఒకసారి. వారం దాకా ఎవరూ కనిపెట్టలేదు. అవతలాయన మాత్రం ఈ పళ్లే బాగున్నాయి అన్నాడట.

రాధిక_తెనాలి

😂 పేరు కుట్టించాల్సిన లిస్టులో అది కూడానా.

శుక్రవారం తీసుకెళ్తున్నాం. ఖాళీ ఫారం ఇచ్చారు, వకీలు గారు చెప్పిన "మంచాన పడితే" మాట అందులో లేదు, అడిగితే చేత్తో రాసి సంతకం పెట్టిచ్చారు. గొట్టాలతో అయితే మాత్రం ఉంచలేం, అప్పుడు నెల టైమ్ ఇస్తాం అన్నారు. అదీ రాయించాను.

ఓరుగల్లు_వకీలు

దాని మీద తేదీ వేయించి ఫొటో తీసి తమ్ముడికి పంపండి. ఒరిజినల్ మీ దగ్గరే ఉండాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్

రాధిక గారు, ఇన్సులిన్ పెన్ మీద తెల్ల టేపు వేసి పేరు, ఎన్ని యూనిట్లో పెద్దగా రాసి ఇవ్వండి. ఫ్రిజ్‌లో అందరి పెన్నులూ ఒకే డబ్బాలో ఉంటాయి. మాత్రల చీటీ ఒకటి మంచం దగ్గర గోడకి అంటించండి, రెండోది నర్సు ఫైల్లో. మొదటి రోజు సాయంత్రం ఇంజెక్షన్ వేసేదాకా మీరు అక్కడే ఉండండి.